జనాభా పెరుగుదలలో జననాల వాటా ఎంత, వలసల వాటా ఎంత: లెక్కించడం ఎలా?

విశాఖపట్నం జనాభా ఎందుకు పెరుగుతోందని అడిగితే చాలామంది వలసల వల్లనే అంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో జనగణన లెక్కలతో మనమే తేల్చుకోవచ్చు.

ముందుగా హద్దులు సరిచూసుకోవాలి. 2005లో గాజువాకను, 32 గ్రామాలను కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పరచారు కాబట్టి, 2001, 2011 నగర జనాభాలను నేరుగా పోల్చితే, ఇల్లు కదలకుండానే నగరవాసులైనవారు సైతం పెరుగుదల కింద చేరిపోతారు. అందువల్ల 2022 విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాను తీసుకుందాం. 2001లో 38,32,336 మంది, 2011లో 42,90,589 మంది. పెరుగుదల 4,58,253, అంటే 11.96 శాతం.

తరువాత ఆ పదేళ్ల జననాల నుంచి మరణాలను తీసివేస్తే సహజ వృద్ధి వస్తుంది. మొత్తం పెరుగుదలలో అది పోగా మిగిలేది నికర వలస, అంటే వచ్చి చేరినవారికీ విడిచి వెళ్లినవారికీ మధ్య తేడా. అయితే జననం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుందని మరువరాదు. శ్రీకాకుళం జిల్లా నుంచి కాన్పు కోసం విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు వచ్చిన తల్లి బిడ్డ విశాఖ లెక్కలో చేరుతుంది; విశాఖలో కాపురముంటూ పురిటికి పుట్టింటికి వెళ్లిన ఆమె బిడ్డ ఆ ఊరి లెక్కలో చేరుతుంది. తల్లి నివాసం ప్రకారం విడదీసిన అంకెలు దొరికితే తప్ప ఈ పద్ధతిని నమ్మకూడదని నా అభిప్రాయం.

అవి దొరకనప్పుడు, జనన మరణాల తీరు అంతటా ఒకటేనని అనుకుని, రాష్ట్ర సగటుతో పోల్చవచ్చు. ఆ దశాబ్దంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 10.98 శాతం పెరిగింది. జిల్లా కూడా అంతే పెరిగి ఉంటే సుమారు 4,21,000 మంది చేరేవారు. నిజంగా చేరినవారు అంతకు దాదాపు 37,000 ఎక్కువ. అంటే జిల్లా మొత్తం మీద వలస వాటా స్వల్పమే. విజయనగరం 4.23 శాతం, శ్రీకాకుళం 6.52 శాతమే పెరగడం చూస్తే అక్కడి నుంచి బయటికి వెళ్లినవారే ఎక్కువని తెలుస్తుంది. పాడేరు నుంచి గాజువాకకు వచ్చి స్థిరపడిన కుటుంబం మాత్రం ఈ లెక్కలో కనిపించదు, ఎందుకంటే ఆ రెండు ఊళ్లూ అప్పట్లో ఒకే జిల్లాలో ఉండేవి.

చివరగా, కాన్పులు ఎక్కువగా జరిగే వయసైన 20 నుంచి 34 ఏళ్ల స్త్రీల సంఖ్యను విడిగా రాసుకోవాలి, ఎందుకంటే వలసల ప్రభావం జననాల లెక్కలోనూ కలిసిపోతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే, తరం నిలవడానికి కావలసిన 2.1 కంటే తక్కువ. అయినా పనుల కోసం వచ్చిన యువ దంపతులకు ఇక్కడే పిల్లలు పుడితే, ఆ పిల్లలు సహజ వృద్ధి కింద నమోదవుతారు. ఆ దంపతులు విడిచి వచ్చిన పల్లెలో అంతమేరకు కాన్పులు తగ్గుతాయి.