42 మైళ్ళ కరెంటును ఎక్కడ ఖర్చు పెట్టాలి: రావ్4 ప్రైమ్ రోజువారీ వాడకం

టొయోటా రావ్4 ప్రైమ్ అమెరికాలో 2021 మోడల్‌గా వచ్చింది. 2025 మోడల్‌లో దాని పేరు రావ్4 ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌గా మారింది, అంటే గోడ కరెంటుతో ఛార్జ్ చేసుకుని, అది అయిపోయాక ఇంజన్ సాయంతో నడిచే కారు. ఇక్కడి లెక్కలన్నీ 2021-2025 మోడళ్ళవి. బ్యాటరీ 18.1 కిలోవాట్ అవర్లు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో కరెంటు మీద 42 మైళ్ళు, అది అయిపోయాక గ్యాలన్‌కు 38 మైళ్ళు. కారు కొన్నవాళ్ళు ముందుగా అడిగేది ఏ ఛార్జర్ పెట్టించాలని. అంతకంటే ముందు కరెంటు బిల్లు తీయండి.

ఈ కారు 100 మైళ్ళకు గోడ దగ్గర 36 యూనిట్లు (కిలోవాట్ అవర్లు) లాగుతుంది. అదే దూరం గ్యాస్ (పెట్రోలు) మీద పోతే 2.63 గ్యాలన్లు. అంటే ఒక గ్యాలన్ దాదాపు 14 యూనిట్లకు సమానం. కాబట్టి మీ ఊళ్ళో గ్యాస్ ధరను 14తో భాగించండి. మీ యూనిట్ ధర దానికంటే తక్కువైతేనే ఛార్జింగ్ గిట్టుబాటు. గ్యాస్ 2.80 డాలర్లుంటే హద్దు 20 సెంట్లు, 4.20 ఉంటే 30 సెంట్లు. బిల్లులో ఎనర్జీ, డెలివరీ విడివిడిగా ఉంటే రెండూ కలపాలి. నెలవారీ ఫిక్స్‌డ్ చార్జీని లెక్కలోకి తీసుకోవద్దు, కారున్నా లేకున్నా అది కట్టేదే. 14 సెంట్ల ప్లాన్ ఉంటే ఆలోచించకుండా ప్లగ్ పెట్టేయొచ్చు. కాలిఫోర్నియాలో మాత్రం సాయంత్రం 4 నుంచి 9 దాకా ఉండే పీక్ రేటులో గ్యాసే చవక కావచ్చు. ఆఫీసు నుంచి రాగానే ప్లగ్ పెట్టినా, కారులోని ఛార్జింగ్ షెడ్యూల్‌ను అర్ధరాత్రి తర్వాతకు పెట్టుకోండి.

గోడ ప్లగ్

120 వోల్టుల అవుట్‌లెట్ మీద నిండటానికి దాదాపు 12 గంటలు. రాత్రి 7కి పెడితే పొద్దున 7కి నిండుతుంది, చాలామందికి ఇదే సరిపోతుంది. కానీ 12 ఆంపులు 12 గంటలు ఏకధాటిగా లాగే సామాను చాలా ఇళ్ళలో ఇంకోటి ఉండదు. కారు కంటే, కేబుల్ కంటే ముందు దెబ్బతినేది గోడలోని పాత అవుట్‌లెట్. లోపలి స్ప్రింగులు వదులైతే ప్లగ్ కొనలు గట్టిగా ఆనవు, ఆ సందులో వేడి పుడుతుంది.

మొదటిసారి పెట్టిన గంటకు ప్లగ్ మొహాన్ని చేతి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి ఆనించి ఉంచలేకపోతే ఛార్జింగ్ ఆపేయండి. ప్లగ్ పీకాక కొనల చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఉంటే ఆ అవుట్‌లెట్‌ను ఇక వాడకూడదు. ఎలక్ట్రీషియన్ చేత ఇండస్ట్రియల్ గ్రేడ్ అవుట్‌లెట్ వేయించండి. తీగల్ని వెనక రంధ్రాల్లో గుచ్చి వదిలేయకుండా స్క్రూల కింద బిగించమని చెప్పండి. కేబుల్ మధ్యలో ఉండే డబ్బా బరువంతా ప్లగ్ మీద వేలాడకూడదు, గోడకు ఒక కొక్కెం కొట్టి దానికి తగిలించాలి. ఎక్స్‌టెన్షన్ కార్డు అసలొద్దు. గరాజ్‌లో ఫ్రీజర్ కూడా అదే సర్క్యూట్ మీద ఉంటే బ్రేకర్ పడిపోవచ్చు. పొద్దున కారు ఖాళీగా ఉందని తిట్టుకునేలోపు ఫ్రీజర్‌లో పెట్టినవీ కరిగిపోతాయి.

240 వోల్టులు పెట్టించుకునేవాళ్ళు ముందు కారు లోపలి ఛార్జర్ ఎంతో చూసుకోవాలి. 2021 ఎస్‌ఈ రకానికి 3.3 కిలోవాట్లు, నిండటానికి నాలుగున్నర గంటలు. దానికి 20 ఆంపుల సర్క్యూట్ చాలు. ప్రీమియం ప్యాకేజీ ఉన్న ఎక్స్‌ఎస్‌ఈ రకానికి 6.6 కిలోవాట్లు, రెండున్నర గంటలు. దానికి 40 ఆంపుల బ్రేకర్ కావాలి. అంతకు మించి 60 ఆంపులు పెట్టించినా ఈ కారు ఒక్క నిమిషం కూడా తొందరగా నిండదు. తర్వాత పూర్తి ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన ఉంటే అది వేరే లెక్క.

దీనికి డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ లేదు. టెస్లా సూపర్‌ఛార్జర్ దగ్గరికి ఏ అడాప్టర్ పట్టుకెళ్ళినా పని జరగదు. మాల్స్‌లో ఉండే లెవెల్ 2 ఛార్జర్ (240 వోల్టుల తరహాది) పనికొస్తుంది కానీ, గంటల లెక్కన డబ్బు తీసుకునే చోట జాగ్రత్త. గంటకు 2 డాలర్లంటే 6.6 కారుకు యూనిట్ 30 సెంట్లు పడుతుంది, 3.3 కారుకు 60 సెంట్లు.

ఏ మోడ్ ఎప్పుడు

రోజూ 42 మైళ్ళలోపు తిరిగేవాళ్ళు ఈవీ మోడ్‌లోనే (కరెంటు మీదే నడిచేది) ఉంచేయండి. 60, 70 మైళ్ళు వెళ్ళే రోజునే తెలివి కావాలి. ఫ్రీవే మీద గంటకు 75 మైళ్ళ వేగంతో పోతే గాలి తాకిడికి బ్యాటరీ గబగబా అయిపోతుంది. ఆ ముక్కకు హెచ్‌వీ (ఇంజన్‌ను వాడే హైబ్రిడ్ మోడ్) నొక్కండి, సిగ్నళ్ళూ ట్రాఫిక్కూ ఉన్న ఊళ్ళోకి కరెంటు దాచుకోండి. ర్యాంప్ ఎక్కాక కాదు, ఎక్కడానికి మూడు నాలుగు నిమిషాల ముందే హెచ్‌వీలోకి మార్చితే ఇంజన్ కాస్త వేడెక్కి ఉంటుంది. చల్లటి ఇంజన్ మీద ఒక్కసారిగా భారం వేయడం మంచిది కాదు. సీహెచ్‌జీ మోడ్, అంటే ఇంజన్‌తో బ్యాటరీ నింపడం, గ్యాస్‌కు దండగ. ముందు పెద్ద ఘాట్ రోడ్డు ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

"ఈవీలో ఉన్నా ఇంజన్ ఎందుకు స్టార్ట్ అయింది?" అని చలికాలంలో చాలామంది కంగారు పడతారు. బయట సుమారు 14 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గినప్పుడు హీటర్ వేస్తే ఇంజన్ లేస్తుంది. ముందు అద్దం డీఫ్రాస్ట్ బటన్ నొక్కినా లేస్తుంది. చెడిపోయినట్టు కాదు. కారు ప్లగ్‌లో ఉండగానే కీ మీది ఏసీ బటన్‌తో లోపల వేడి చేసుకుని బయల్దేరండి, దారిలో సీటు హీటర్ వాడండి. ఇంజన్ ఒకసారి లేచాక రెండు నిమిషాల్లో ఆపేయకుండా ఓ పావుగంట నడవనిస్తే నూనెలో చేరిన తడి ఆవిరైపోతుంది.

ఇంజన్ తిరిగినా తిరగకపోయినా 0డబ్ల్యూ-16 ఆయిల్‌ను 10,000 మైళ్ళకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు, మార్చాలి. ట్యాంకులో గ్యాస్ పాతబడకుండా ఏడాదికి కనీసం 20 లీటర్లు, అంటే 5.3 గ్యాలన్లు, కొత్తది పోయమని టొయోటా మాన్యువల్ చెబుతుంది. గ్యాస్ మూత బటన్ నొక్కిన వెంటనే తెరుచుకోదు. ట్యాంకులో ఒత్తిడి తగ్గడానికి కొన్ని సెకన్లు పడుతుంది, బలవంతంగా లాగొద్దు.

ఆరు వారాలు ఇండియా వెళ్తుంటే

తిరిగొచ్చాక కారు తలుపు కూడా తెరుచుకోకపోతే తప్పు పెద్ద బ్యాటరీది కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీది. పెద్దదాన్ని సగం దగ్గర ఉంచి ప్లగ్ తీసేయండి. తాళాలు రెండూ కారుకు దూరంగా పెట్టండి. పక్కనే ఉంటే కారు వాటిని వెతుకుతూ చిన్న బ్యాటరీని తినేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీకి మెయింటెయినర్ (దాన్ని నిండుగా ఉంచే చిన్న ఛార్జర్) తగిలించి వెళ్తే నిశ్చింత. లేదా తెలిసినవాళ్ళకు తాళం ఇచ్చి, గరాజ్ తలుపు తెరిచి, వారానికోసారి అరగంట ఆన్ చేయమనండి. బ్రేకు తొక్కి బటన్ నొక్కాలి, డాష్‌బోర్డు మీద "రెడీ" దీపం వెలగాలి. బ్రేకు తొక్కకుండా నొక్కితే స్క్రీన్లు వెలుగుతాయి గానీ చిన్న బ్యాటరీ నిండదు, ఉన్నదీ పోతుంది.