వానలకు ముందే వాగు వంతెనల దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో గుట్టల నడుమ ఉన్న ఎన్నో గూడేలకు మండల కేంద్రానికి వెళ్లే దారి ఒక్క లోలెవల్ వంతెన మీదుగానే ఉంటుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్ల వర్షం కురిసింది; అదే వానకు జంపన్నవాగు పొంగి అదే జిల్లాలోని కొండాయి గ్రామంలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి వాగు దాటాలా వద్దా అన్నది నీళ్ల అంచున నిలబడి తేల్చుకోకుండా, రోహిణి కార్తెలోనే ఊరంతా కూర్చుని కట్టుబాటు చేసుకోవడం మంచిది.

వాగు ఎండి ఉన్నప్పుడే వంతెన కిందికి దిగి చూడాలి. తూము నోట్లో అడ్డంపడిన ఒక్క మొద్దుకు కొమ్మలు, చెత్త, ఇసుక చేరితే నీళ్లు కిందినుంచి పోలేక వంతెన మీదికి ఎక్కుతాయి, పక్కనున్న మట్టికట్టను కోస్తాయి. రోడ్డు వంతెనను కలిసే చోట పగులు గానీ గుంత గానీ కనిపిస్తే ఫొటో తీసి, పంచాయతీ కార్యదర్శి ద్వారా అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. వంతెన రెండు అంచులూ తెలిసేలా తెల్లరంగు పూసిన రాళ్లు, లోతు తెలిసేలా గీతలు గీసిన స్తంభం పెట్టించుకోవాలి.

మన ఊళ్లో చినుకు పడకపోయినా పైన గుట్టల్లో పడిన వాన గంటల్లోనే కిందికి దిగుతుంది. నీళ్లు ఒక్కసారిగా ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే ఒడ్డెక్కాలి. ఉరవడిగా పారే నీళ్లు అర అడుగున్నా పెద్దవాళ్లకైనా కాలు నిలవదు. అడుగు లోతులో చిన్న కార్లు తేలిపోతాయి, రెండడుగులైతే జీపులు కూడా కొట్టుకుపోతాయి. ట్రాక్టరు బరువు మీద నమ్మకంతో పిల్లలను ట్రాలీలో ఎక్కించి దాటించడం ఎంతమాత్రం తగదు.

నెలలు నిండుతున్న గర్భిణులను, డయాలసిస్ చేయించుకునేవారిని వాన ముసురు పట్టకముందే ఆసుపత్రికి దగ్గరలో ఉంచాలి. బియ్యం, మందులు కనీసం రెండు వారాలకు సరిపడా ఉండాలి.

వరద తీసిన మర్నాడు మరింత జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం, ఎందుకంటే పైన సిమెంటు చెక్కుచెదరనట్టే కనిపించినా కింద మట్టి కొట్టుకుపోయి ఉండవచ్చు. ఇంజనీరు చూసి సరేననేదాకా రెండు వైపులా తాడు కట్టి, కాపలా ఉంచాలి. ఎవరైనా చిక్కుకుంటే నీళ్లలోకి దిగకుండా 112కు ఫోన్ చేయాలి.