టెండెన్సీ, పెంచెంట్, ప్రొక్లివిటీ: వాక్యం కరెక్టే, అర్థం మాత్రం తేడా కొడుతోందా?

గ్రామర్ కరెక్టు, స్పెల్లింగ్ కరెక్టు, అయినా చదివినోళ్లు ఒక చోట ఆగి అదోలా మొహం పెడుతున్నారంటే చాలాసార్లు తప్పు ఈ "మొగ్గు" అర్థమొచ్చే ఇంగ్లీష్ మాటల దగ్గరే ఉంటుంది. ఇలాంటివి దిద్దీ దిద్దీ విసుగొచ్చింది, అందుకే రాస్తున్నా.

సమస్య: వాక్యం కామెడీగా వినిపిస్తోంది

"ఇంజన్‌కి వేడెక్కే పెంచెంట్ ఉంది" అని రాస్తారు. అంటే ఇంజన్‌కి వేడెక్కడమంటే మహా ఇష్టం అన్నమాట! పెంచెంట్, ప్రెడిలెక్షన్ రెండూ మనసున్నవాళ్లకే, వాటిలో ఇష్టం ఉండి తీరాలి. మనిషికైనా వస్తువుకైనా సరిపోయేది టెండెన్సీ. ఇది ఇష్టపడుతోందా లేక ఊరికే అలా జరుగుతోందా అని ఒక్క క్షణం మనల్ని మనం అడిగితే చాలు, కానీ ఆ ఒక్క చెక్ ఎవరూ చెయ్యరు, నేరుగా పర్యాయపదాల లిస్టు తెరిచి అన్నిటికంటే బరువైన మాట ఏరుకుంటారు.

సమస్య: పొగిడితే తిట్టినట్టు ఉంది

ఇది అసలు దొంగ. నేనూ దెబ్బతిన్నా. ఒకసారి ఒకతనికి సిఫార్సు లెటర్ రాస్తూ జూనియర్లకి సాయం చేసే "ప్రొక్లివిటీ" ఉందని రాశా, చదివినాయన ఫోన్ చేసి "ఏమండీ, ఇతనితో ఏమైనా ఇబ్బందా?" అన్నాడు. నాకు రెండు నిమిషాలు ఏమీ అర్థం కాలేదు.

తప్పు ఎక్కడంటే, డిక్షనరీలో దానికి "ప్రవృత్తి" అని ఉంటుంది, మనకేమో ప్రవృత్తి మంచి మాట, వృత్తి డాక్టరు ప్రవృత్తి రచన అని గొప్పగా చెప్పుకుంటాం. ఇంగ్లీష్‌లో ప్రొక్లివిటీకి ఆ గౌరవం లేదు, ఎక్కువగా చెడు అలవాట్ల పక్కనే కనిపిస్తుంది. లాటిన్‌లో క్లివుస్ అంటే వాలు, నీరు పల్లమెరిగినట్టు మనిషి కిందికి జారడం అన్నమాట. ప్రోన్ కూడా ఇదే బాపతు, లాటిన్ మూలంలోనే ముందుకి వాలడం ఉంది, డాక్టర్లు బోర్లా పడుకోబెట్టడాన్ని ప్రోన్ పొజిషన్ అనేది అందుకే. యాక్సిడెంట్ ప్రోన్, ఎర్రర్ ప్రోన్ అంటారు గానీ సక్సెస్ ప్రోన్ అని ఎవరూ అనరు. మొగ్గు అర్థమే ఉన్న ప్రొపెన్సిటీ కొంచెం నయం, ఆర్థికవేత్త కీన్స్ 1936లో వాడిన "ప్రొపెన్సిటీ టు కన్స్యూమ్" (ఖర్చుపెట్టే మొగ్గు)లో మంచీ లేదు చెడూ లేదు, బయట మాత్రం హింస లాంటి మాటల పక్కనే ఎక్కువ తగులుతుంది.

పరిష్కారం ఏంటంటే, మీరు రాసిన మంచి పని తీసేసి అక్కడ "అబద్ధాలాడటం" అని పెట్టి చూడండి. వాక్యం ఇంకా హాయిగా, సహజంగా అతికితే ఆ మాట పొగడ్తకి పనికిరాదని అనుమానించండి. నా లెటర్‌కి "సాయానికి ఎప్పుడూ రెడీ" అనే మామూలు మాట చాలు.

సమస్య: టాలెంట్ అని రాశా, వాళ్లు సరదా అనుకున్నారు

పాటలకి పెంచెంట్ ఉందంటే ఇష్టం ఉందని మాత్రమే, శ్రుతి గ్యారంటీ లేదు. నేర్చుకోగల శక్తికి ఆప్టిట్యూడ్, కిటుకు పట్టిన చేతికి న్యాక్, సొగసుగా చేస్తే ఫ్లెయిర్.

ఇక చిన్నవి: పెంచెంట్ తర్వాత "ఫర్", ప్రోన్ తర్వాత "టు". లయబుల్ అంటే అలా జరిగే అవకాశం ఉందని, దానికి చట్టపరమైన బాధ్యత అనే అర్థం కూడా ఉంది కాబట్టి కాంట్రాక్టుల్లో సరదాకి వాడకండి.