బోల్ట్ బిగుసుకుందా? పెద్ద తూటాల్లో ప్రెజర్ సమస్యలు, పరిష్కారాలు

పేలిన తూటా గుల్లల్లో (కేసుల్లో) మళ్లీ పౌడర్, బుల్లెట్ పెట్టి తూటాలు నింపుకోవడం నేను టెక్సాస్‌కి వచ్చాక నేర్చుకున్న పని. ఆఫ్రికాకి అడవిదున్నల వేటకి వెళ్లే మిత్రులతో కలిసి గ్యారేజీలో తూటాలు నింపుతుంటాను. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లకండి. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

సమస్య: పేల్చాక బోల్ట్ (తూటా వెనక రైఫిల్‌ని మూసే కడ్డీ) లేవడం లేదు, అరచేత్తో కొట్టాల్సి వస్తోంది.

వెంటనే ఆపేయండి. ప్రెజర్ హద్దు దాటింది. చాలాసార్లు కారణం ఎండే. జనవరి చలిలో బాగానే పేలిన తూటా, అక్టోబరులో జాంబెజీ లోయ ఎండకి కాగితే, అదే పౌడర్ ఇంకా వేగంగా మండుతుంది. గాయపడ్డ దున్న మీదికి వస్తుంటే రెండో తూటా ఎక్కకపోవడం కంటే ఘోరం లేదు. మాన్యువల్‌లోని (ఏ తూటాకి ఎంత పౌడరో చెప్పే పుస్తకంలోని) ప్రారంభ మోతాదు నుంచి మళ్లీ మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ, చివరి పరీక్ష మండుటెండలో చేయండి. బుల్లెట్ మార్చారేమో కూడా చూసుకోండి. పూర్తి రాగి బుల్లెట్ అదే బరువున్న సీసం బుల్లెట్ కంటే పొడుగు, లోపల పౌడర్ చోటు తినేస్తుంది. దానికి విడిగా ఇచ్చిన మోతాదే వాడాలి.

సమస్య: ప్రెజర్ ఎక్కువైన గుర్తేదీ లేదు. ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) అంచు గుండ్రంగానే ఉంది. ఇంకొంచెం పౌడర్ వేయొచ్చా?

వద్దు. నన్ను అన్నిటికంటే భయపెట్టే ప్రశ్న ఇదే. .416 రిగ్బీ అనే పెద్ద తూటా 1911 నాటిది. అప్పటి కార్డైట్ పౌడర్ ఉష్ణదేశాల ఎండకి రెచ్చిపోయేది. అందుకే పెద్ద కేసు, తక్కువ ప్రెజర్. యూరప్ ప్రమాణాల సంస్థ సీఐపీ దీనికి పెట్టిన హద్దు 3,250 బార్. .375 హెచ్ అండ్ హెచ్‌కి 4,300. రెండు గొట్టాల రైఫిళ్లలో వాడే .470 నైట్రో ఎక్స్‌ప్రెస్‌కి 2,700 మాత్రమే. ప్రైమర్ చదునయ్యేది వీటి హద్దు దాటి చాలా దూరం పోయాకే. ఈలోపు రెండు గొట్టాల రైఫిల్‌లో బ్యారెళ్లు, యాక్షన్ (తూటాని పేల్చే యంత్రభాగం) కలిసే చోట పట్టు సడలిపోతుంది. కాబట్టి ప్రైమర్‌ని కాదు, క్రోనోగ్రాఫ్‌ని (బుల్లెట్ వేగం కొలిచే పరికరాన్ని) నమ్మండి. అంతే పొడవు బ్యారెల్‌కి మాన్యువల్ చెప్పిన వేగం కంటే ఎక్కువ వస్తోందంటే, ప్రెజర్ కూడా ఎక్కువే. తగ్గించండి.

సమస్య: .375 కేసు మీద, బెల్టుకి (అడుగున ఉండే ఉబ్బెత్తు పట్టీకి) కాస్త పైన మెరిసే గీత.

డై (కేసుని తిరిగి సరైన కొలతకి నొక్కే అచ్చు) ప్రతిసారీ కేసు భుజాన్ని (మెడ కింద ఏటవాలు భాగాన్ని) మరీ వెనక్కి నెడుతోంది, పేల్చినప్పుడల్లా ఇత్తడి అక్కడే సాగుతోంది. పేపర్ క్లిప్ కొన వంచి లోపలి గోడ మీద గీకి చూడండి. గాడి తగిలిందా, ఆ కేసు చెత్తబుట్టకే. భుజం ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే చోట) సరిపోయేంత వరకే నెట్టేలా డైని పైకి తిప్పి పెట్టుకోండి.

సమస్య: మ్యాగజైన్‌లోని తూటా పొట్టిదైంది.

రీకాయిల్ దెబ్బకి బుల్లెట్ లోపలికి దిగింది, దాంతో ప్రెజర్ పెరుగుతుంది. దాన్ని పేల్చకండి. ఇకపై బుల్లెట్ మీది గాడిలోకి కేసు అంచుని క్రింప్ చేయండి (నొక్కి బిగించండి).

సమస్య: "టుప్" మని చిన్న శబ్దం.

పౌడర్ సరిగా మండక బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. గొట్టం గురి వైపే ఉంచి అర నిమిషం ఆగండి. తర్వాత రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, బ్యారెల్‌లోంచి చూడండి. ఆ చివర వెలుతురు కనిపించేదాకా రెండో తూటా పెట్టకండి.