తొలకరికి ముందే రోడ్డు మట్టిని ఆపుదాం

రోహిణి ఎండల్లో రోడ్డు పని జోరుగా సాగుతుంది, తవ్విన మట్టి ఎక్కడికక్కడ కుప్పలు పడుతుంది. మృగశిరలో ఒక్క గట్టి వాన పడితే చాలు, ఆ మట్టి వాగులోకి దిగుతుంది. కాబట్టి చేయాల్సిందేదైనా మే నెలాఖరులోపే చేయాలి.

హైదరాబాద్ శివార్లలోని అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డును నాలుగు లైన్లు చేస్తున్నారు. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల పడే వానలో చాలా భాగం హిమాయత్‌సాగర్‌కో, గండిపేటకో చేరుతుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఈ రెండు చెరువులూ హైదరాబాద్‌కు తాగునీళ్లిచ్చాయి. వీటి కోసమే, చుట్టూ కట్టడాలకు హద్దు పెడుతూ 1996లో 111 జీవో వచ్చింది. ఆ జీవో మీద వాదన ఎటు తేలినా, మట్టి మాత్రం ఈ వానకే కొట్టుకొస్తుంది.

నిరుడు మొదటి వాన తర్వాత మా వాగు నీళ్లు సీసాలో పట్టి కిటికీలో పెట్టాను. తెల్లారేసరికి అడుగున వేలు మందాన ఎర్రమట్టి పేరుకుంది. పై నీళ్లు మాత్రం సాయంత్రమైనా టీ రంగులోనే ఉన్నాయి. ఆ సన్నటి బంకమట్టి దానంతటది దిగదు, పటిక వేయాల్సిందే. నీళ్లు మడ్డిగా ఉంటే క్లోరిన్ కూడా సరిగ్గా పనిచేయదు, క్రిములు మట్టి రేణువుల చాటున బతికిపోతాయి. అందుకే తాగునీటిలో మడ్డి 1 ఎన్‌టీయూ (మడ్డిని కొలిచే యూనిట్) దాటకూడదని, వేరే దిక్కు లేకపోతే 5 దాకా పర్వాలేదని మన ప్రమాణం చెబుతోంది.

మట్టిని కుప్ప దగ్గరే ఆపాలి, చెరువుకు చేరాక ఎవరూ ఏమీ చేయలేరు. కుప్పల్ని వాగు గట్టు నుంచి దూరంగా జరిపించండి, టార్పాలిన్ కప్పించండి. పల్లం వైపు కర్రలు పాతి గుడ్డ కంచె కట్టించండి. ఇక్కడే ఎక్కువగా మోసం జరుగుతుంది. గుడ్డ అంచును జానెడు లోతున భూమిలో పూడ్చకపోతే నీళ్లు దాని కిందనుంచే పోతాయి. మీరే వంగి, అంచు పట్టి లాగి చూడండి. ఊడొస్తే ఆ కంచె ఉన్నా లేనట్టే. కాలువ వాగులో కలిసేచోట బురద దిగే గుంత ఉండాలి, అది సగం నిండగానే పూడిక తీయాలి.

సిమెంటు మిక్సర్లు కడిగిన నీళ్లు బురద కంటే ప్రమాదం. సున్నపు నీళ్లలా ఘాటుగా ఉంటాయి, చేపలు చస్తాయి, చేతులు కాలతాయి. ప్లాస్టిక్ షీటు పరిచిన గుంతలోనే కడగాలి. డీజిల్ డ్రమ్ముల చుట్టూ గట్టు పోయించాలి. మబ్బు పట్టిన రోజు తారు పని పెట్టుకోవద్దు. కల్వర్టుల్లో వదిలేసిన సెంట్రింగ్ చెక్కలు తీయించకపోతే పక్క పొలాలు మునుగుతాయి.

కాంట్రాక్టరుతో నోటిమాట సరిపోదు. వానకు ముందే తేదీ పడేలా ఫోటోలు తీసి, సైట్ ఇంజినీరుకు, తహసీల్దారుకు, కాలుష్య నియంత్రణ మండలికి రాసి ఇవ్వండి. పర్యావరణ నిర్వహణ ప్రణాళిక ఉందా అని అడిగి, ఉంటే చూపించమనండి. వాన వెలిశాక అదే చోట నిలబడి మళ్లీ ఫోటో తీయండి.

బురద నీళ్లు బావిలోకి దిగితే పరీక్ష చేయించేదాకా ఆ నీళ్లు తాగకండి.

మరో మాట, మొరం తవ్విన గుంతలు. వానకు నిండితే లోతు తెలియదు, అంచులు జారిపోతాయి, పిల్లలేమో ఈతకు దిగుతారు. బడులు తెరవకముందే వాటి చుట్టూ ముళ్లకంప వేయించండి.