ఎండలు ముదరక ముందే లారీ టర్బో ఇంజన్‌కు చేయాల్సిన పనులు

శివరాత్రితో చలి పోతుంది, ఉగాదికి ఎండ నెత్తికెక్కుతుంది. ఈ రెండు పండగల నడుమ ఉండే నెల రోజులే లారీ ఇంజన్‌ను వేసవికి సిద్ధం చేసుకునే అదను. బేతంచెర్ల, తాడిపత్రి నాపరాళ్ళు, యర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి మోసే బండ్లకు ఏప్రిల్ నుంచి ఊపిరాడదు. రోహిణి కార్తెలో కదలలేక నిలబడ్డ ఇంజన్‌ను విప్పి చూస్తే, లోపం చాలాసార్లు సంక్రాంతి నాటికే మొదలై ఉంటుంది. చలిలో అది బయటపడలేదు, అంతే.

ఎందుకు బయటపడలేదో చిన్న లెక్కతో తెలుస్తుంది. పనిచేసే ఇంజన్‌లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి 95 డిగ్రీలు అనుకోండి. బయట గాలి 25 డిగ్రీలుంటే రెండింటికీ తేడా 70. అదే గాలి 45 డిగ్రీలైతే తేడా 50కి పడిపోతుంది. రేడియేటర్ వేడిని వదిలేది ఈ తేడాను బట్టే కాబట్టి, మచ్చ లేని కొత్త రేడియేటర్ కూడా మే నెలలో మూడో వంతుకు కాస్త తక్కువగా తన బలం కోల్పోతుంది. దాని మీద పావు భాగం దుమ్ముతో పూడిపోయి ఉంటే ఇక మిగిలేదేముంది? ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో వైపూ ఇదే కథ. 25 నుంచి 45కు వేడెక్కిన గాలి సుమారు 6 శాతం పలచబడుతుంది. కంపెనీ కాగితం మీద రాసే హార్స్‌పవర్ 25 డిగ్రీల గాలి దగ్గర లెక్కగట్టింది. అదే బలాన్ని మిట్టమధ్యాహ్నం ఘాట్‌లో అడిగితే ఇంజన్ ఇవ్వలేదు. డ్రైవరు ఆక్సిలరేటర్ మరింత తొక్కుతాడు, వేడి మరింత పెరుగుతుంది.

నీళ్ళ సంగతి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది రేడియేటర్‌లో పోసే నీళ్ళు. అనంతపురం, కర్నూలు వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. టీ కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి పెచ్చే ఇంజన్ లోపల, సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఉండే సన్నని దారుల్లో పడుతుంది. ఆ పెచ్చు వేడిని దాటనివ్వదు. మీటర్‌లో ముల్లు మామూలుగానే ఉంటుంది, హెడ్ మాత్రం ఆ చోట కాగిపోయి పగులు ఇస్తుంది. దాబా దగ్గర కుళాయి కింద డబ్బా పట్టి రేడియేటర్‌లో పోసే అలవాటును ఈ ఒక్క కారణానికే మానుకోవాలి.

కూలెంట్ మార్చే పని ఇంజన్ పూర్తిగా చల్లారాక, తెల్లవారుజామున పెట్టుకోండి. కింది కాక్ తెరిచి పాతది మొత్తం దింపండి. తుప్పు రంగులో వస్తే ఒక్కసారి నీళ్ళతో కడిగితే చాలదు. రేడియేటర్ క్లీనర్ కలిపిన శుభ్రమైన నీళ్ళు పోసి, డబ్బా మీద రాసినంత సేపు ఇంజన్ నడిపి, దింపి, స్వచ్ఛంగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ కడగాలి. తర్వాత ముందే నీళ్ళు కలిపి అమ్మే కూలెంటే పోయండి. గాఢమైనది కొంటే డిస్టిల్డ్ నీళ్ళతో సమపాళ్ళలో కలపండి. సమపాళ్ళలో కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ (కూలెంట్‌లోని అసలు ద్రవం) ఒత్తిడి లేకుండానే 107 డిగ్రీల దాకా మరగదు. మందం ఎక్కువైతే ఇంకా మంచిదనుకోవద్దు. గ్లైకాల్ నీళ్ళంత బాగా వేడిని మోయలేదు, పాళ్ళు మించితే ఇంజన్ మరింత వేడెక్కుతుంది. కూలెంట్ పాళ్ళు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో ఒక చుక్క వేస్తే, అది ఎంత చలిలో గడ్డకడుతుందో చూపే గీత మైనస్ 37 దగ్గర కనబడాలి, అదే సగం సగం గుర్తు. మన ఊళ్ళో గడ్డకట్టే చలి లేకపోయినా కలిపిన పాళ్ళు తెలుసుకోవడానికి అదే దారి. రంగు చూసి కలపొద్దు. రెండు కంపెనీల పచ్చ కూలెంట్లలో తుప్పును ఆపే మందులు వేరువేరుగా ఉండొచ్చు.

పోసేటప్పుడు నెమ్మదిగా పోయండి. గబగబా పోస్తే హెడ్‌లో గాలి బుడగ నిలిచి, ఆ చోట లోహం నీళ్ళు లేకుండా కాలుతుంది. మూత తీసే ఉంచి, ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) తెరుచుకుని పై గొట్టం వేడెక్కే దాకా ఆగి, మట్టం దిగినంత మళ్ళీ నింపి మూత వేయండి. ఈ సమయంలో బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే హెడ్‌కూ బ్లాకుకూ నడుమ ఉండే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే.

రేడియేటర్ మూతను చాలామంది లెక్కచేయరు. దాని మీద 0.9 అనో 1.0 అనో ఉంటుంది. అది ఎన్ని బార్ల ఒత్తిడి పట్టగలదో చెప్పే అంకె. 0.9 బార్ పట్టిన మూత కింద ఉత్త నీళ్ళు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. లోపలి రబ్బరు ఎండి పగిలితే అవే నీళ్ళు 100 దగ్గరే మరిగి పొంగిపోతాయి. ఖర్చు చూస్తే చాలా చిన్న భాగం. రబ్బరులో చీలిక కనిపిస్తే మార్చండి, అదే అంకె ఉన్నదే తెచ్చి వేయండి.

థర్మోస్టాట్ తీసి పారేస్తే ఇంజన్ చల్లగా నడుస్తుందని మన రోడ్డు పక్క షెడ్లలో ఇంకా చెబుతున్నారు. అది నష్టం చేసే మాట. చాలా ఇంజన్లలో థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకున్నప్పుడే బైపాస్ దారి మూసుకుంటుంది. దాన్ని తీసేస్తే నీళ్ళలో కొంత రేడియేటర్ దాకా పోకుండా ఇంజన్‌లోనే చుట్లు కొడుతుంది. అంటే ఎండలో వేడి పెరుగుతుంది. చలి ఉదయాల్లో మాత్రం ఇంజన్ వేడెక్కక ఆయిల్లో డీజిల్ కలుస్తుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్ళు కాచి, థర్మామీటర్ పెట్టి చూడండి. సాధారణంగా 82 దగ్గర కదిలి 95 దగ్గర పూర్తిగా తెరుచుకోవాలి. మీ ఇంజన్ అంకె థర్మోస్టాట్ అంచునే కొట్టి ఉంటుంది.

రేడియేటర్ ముందు, దాని ముందు ఇంటర్‌కూలర్

టర్బో నుంచి వచ్చే గాలి 150 డిగ్రీల చుట్టూ ఉంటుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ రేడియేటర్‌కు ముందు నిలబడి, అంతా తనే మింగుతుంది: నాపరాయి పొడి, పొట్టు, పురుగులు, ముందు బండి చిమ్మిన ఆయిల్. రెండింటి నడుమ సందులో బెత్తెడు దుమ్ము పరుపులా పేరుకున్నా పైనుంచి చూస్తే కనిపించదు. టార్చి వేసి చూడాలి. వీలైతే బోల్టులు వదులు చేసి రెండింటినీ విడదీయండి. గాలి ఎటు నుంచి లోపలికి వస్తుందో దానికి ఎదురుగా, అంటే ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడి నీళ్ళతో కడగాలి. వాషింగ్ సెంటర్ తుపాకీ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలు మడుచుకుపోతాయి, ఆ తర్వాత గాలి దూరదు.

విస్కస్ ఫ్యాన్ (లోపలి ద్రవం పట్టుతో తిరిగేది) ఉన్న బండికి ఇంకో పరీక్ష ఉంది. వేడిగా నడిచి వచ్చాక ఇంజన్ ఆపి, తాళంచెవి జేబులో పెట్టుకుని, ఫ్యాన్ రెక్కను చేత్తో తిప్పండి. గట్టిగా అడ్డం పట్టి ఆగిపోవాలి. అడ్డు లేకుండా గిరగిరా తిరిగితే లోపలి సిలికాన్ ద్రవం కారిపోయినట్టు. హబ్ ముఖం మీద జిడ్డు చారలకు దుమ్ము అంటుకుని ఉంటే అదే సాక్ష్యం. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే 10–15 మి.మీ. దాకా దిగాలి. ఆటో టెన్షనర్ ఉన్న బండికి ఈ లెక్క పనికిరాదు, అక్కడ బెల్టు పగుళ్ళే చూడాలి.

గాలి

కమిన్స్ 5.9 లీటర్ల ఇంజన్ మన రోడ్ల మీద ఎక్కువగా కనిపిస్తుంది. ఆరు సిలిండర్లు, బోర్ (సిలిండర్ వెడల్పు) 102 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 120, మొత్తం 5883 సీసీ. 2000 ఆర్పీఎంలో, నిండు లోడు మీద, టర్బో నెట్టే గాలినీ కలిపితే నిమిషానికి దాదాపు 12 వేల లీటర్ల గాలి తాగుతుంది. నాపరాయి క్వారీలో ఆ గాలి నిండా రాయి పొడే. ఈ బ్లాకులో విడి లైనర్లు (అరిగితే మార్చుకునే సిలిండర్ గొట్టాలు) ఉండవు, సిలిండర్ బ్లాకులోనే ఉంటుంది. కాబట్టి దుమ్ము కోసిన బోరును బాగు చేయాలంటే బ్లాకునే బోరింగ్‌కు పంపాలి. లైనర్ మార్చుకుంటే సరిపోతుందనే ధీమా ఇక్కడ చెల్లదు. టాటా 697 ఇంజన్ బోర్ 97, స్ట్రోక్ 128, 5675 సీసీ. గాలి విషయంలో దానికీ ఇంతే జాగ్రత్త కావాలి.

ఎయిర్ ఫిల్టర్‌ను టైరు మీద కొట్టి దులపొద్దు. కాగితం మడతలు అంచు దగ్గర చిరుగుతాయి, ఆ చీలిక కంటికి కనబడదు. పంక్చర్ షాపు గాలి 8 బార్ దాకా ఉంటుంది, నేరుగా పెట్టొద్దు. 2 బార్‌కు మించకుండా, లోపలి నుంచి బయటికి కొట్టాలి. తర్వాత లోపల బల్బు పెట్టి చీకట్లో చూడండి, ఎక్కడ సూది మొనంత వెలుగు కనిపించినా ఆ ఫిల్టర్ పనికిరాదు. లోపలి చిన్న సేఫ్టీ ఫిల్టర్‌ను ఊదనే కూడదు, మార్చడమే. ఫిల్టర్ పూడిందని చూపే ఎర్ర గుర్తు వచ్చేదాకా ప్రధాన ఫిల్టర్‌ను తీయకపోవడం కూడా మంచిదే. తీసిన ప్రతిసారీ కాస్త దుమ్ము లోపలికి జారుతుంది.

ఫిల్టర్ ఎంత మంచిదైనా, దాని తర్వాతి హోస్ పగిలితే వృథా. ఫిల్టర్‌కూ టర్బోకూ నడుమ గొట్టం విప్పి, తెల్లటి పాత పంచె గుడ్డతో లోపల తుడవండి. గుడ్డకు మట్టి అంటితే క్లాంపులన్నీ, రబ్బరు మడతలన్నీ ఒక్కొక్కటిగా చూడాలి. అక్కడే టర్బో చక్రం కూడా కనబడుతుంది. రెక్కల అంచులు అరిగి మొద్దుబారితే దుమ్ము ఎప్పటి నుంచో పోతున్నట్టు. చక్రాన్ని పక్కలకు కదిపితే కాస్త ఆడటం సహజం. ముందుకూ వెనక్కూ స్పష్టంగా ఆడినా, గోడకు రాసుకున్నా టర్బో విప్పాల్సిందే.

టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని మోసేది పలచని ఆయిల్ పొర. ఎగ్జాస్ట్ వైపు 600 డిగ్రీలు దాటుతుంది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కి పైన పాలకోవా కోసం ఆగినప్పుడు వెంటనే తాళం తిప్పితే, షాఫ్టు దగ్గర నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. ఉదయం స్టార్ట్ చేయగానే రేజ్ చేయడమూ ఇలాంటి తప్పే, ఆయిల్ ప్రెషర్ దీపం ఆరాక ఇంకో అర నిమిషం ఆగాలి. ఆయిల్ గ్రేడు పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-4 బండికి సీఐ-4 ప్లస్, కొత్తదైన బీఎస్-6 బండికి సీకే-4, చిక్కదనం సాధారణంగా 15డబ్ల్యూ-40. క్వారీ బండి కిలోమీటర్లు తక్కువ తిరిగి గంటలు ఎక్కువ నడుస్తుంది, కాబట్టి ఓడోమీటర్‌ను నమ్మి ఆయిల్ మార్పు వాయిదా వేయొద్దు.

బీఎస్-6 బండ్లకు అదనం

పొగలోని విషవాయువులను తగ్గించే యాడ్‌బ్లూ ద్రవంలో 32.5 శాతం యూరియా ఉంటుంది. 30 డిగ్రీల్లోపు ఉంచితే ఏడాది, 35 లోపు ఉంచితే ఆరు నెలలు నిలుస్తుంది. అంతకు మించిన వేడిలో హామీ లేదు. రేకుల షెడ్డులో బ్యారెళ్ళు నిల్వ పెట్టకుండా వారానికి సరిపడా కొనుక్కోండి. ఇంకోటి, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఆ మసిని కాల్చుకునేటప్పుడు సైలెన్సర్ నుంచి 500 డిగ్రీలు దాటిన వేడి వస్తుంది. మసి కాలుతోందని చూపే దీపం వెలుగుతుండగా ఎండిన గడ్డి మీద గానీ, ఆదోని యార్డులో పత్తి బేళ్ళ పక్కన గానీ బండి నిలపకండి.

దారిలో వేడెక్కితే

ముల్లు ఎర్రగీత వైపు కదలగానే గేరు ఒకటి తగ్గించి, ఆక్సిలరేటర్ వదులు చేయండి. పై గేరులో కుంగుతూ లాగితే వాటర్ పంపు, ఫ్యాన్ నెమ్మదిగా తిరిగి వేడి పెరుగుతుంది. తగ్గకపోతే పక్కకు ఆపి, లోడు లేకుండా 1000 ఆర్పీఎం దగ్గర నాలుగైదు నిమిషాలు నడపండి. ఆపేస్తే నీళ్ళ ప్రవాహం ఆగి హెడ్ మరింత కాగుతుంది. ఒక్క సందర్భంలో మాత్రం వెంటనే ఆపేయాలి: పైకి పోయిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే. నీళ్ళు పోయాయనీ, సెన్సర్ ఆవిరిలో ఉందనీ అర్థం. మూత తీయొద్దు, ఇంజన్ మీద చన్నీళ్ళు చల్లొద్దు. పై గొట్టం చేత్తో పట్టుకునేంత చల్లారే దాకా, అరగంటో గంటో, ఆగాల్సిందే. తర్వాత డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ మజ్జిగ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే, స్టార్ట్ చేయకుండా వెనక బండితో లాగించుకుపోవాలి.

రాయచోటి వైపు నుంచి కడపకు దిగేటప్పుడు వేడి ఇంజన్‌లో కాదు, బ్రేకుల్లో ఉంటుంది. ఎక్కిన గేరులోనే దిగుతూ ఎగ్జాస్ట్ బ్రేక్ వాడండి, ఆర్పీఎం ఎర్రగీత దాటనివ్వకండి. పంపు డీజిల్ ఆపేసినా చక్రాలు ఇంజన్‌ను తిప్పుతూనే ఉంటాయి, వాల్వులు వంగేది అప్పుడే.

టర్బో సీలు పోయి ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ అదుపు తప్పితే తాళం తిప్పినా ఆగదు. బండి నిలిచి ఉంటే అన్ని బ్రేకులూ పట్టి, పై గేరు వేసి, క్లచ్ ఒక్కసారి వదిలేయండి, ఇంజన్ కుంగి ఆగుతుంది. గాలి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టొద్దు.

క్యాబిన్‌లో ఒక ఫ్యాన్ బెల్టు, పై కింది రేడియేటర్ గొట్టాలు, నాలుగు క్లాంపులు, ఒక మూత, కలిపిన కూలెంట్ 10 లీటర్లు ఉంచుకోండి. ఆ కూలెంట్ క్యాను మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, తాగే నీళ్ళ క్యానుకు దూరంగా, సీటు కింద కట్టి పెట్టండి. గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. ఎండలో దప్పికతో ఉన్న క్లీనర్ కుర్రాడు చీకట్లో దాన్ని ఎత్తి తాగే అవకాశం ఉండకూడదు.