ఇంగ్లీషులో ‘ఇంగ్’ రూపం: ఎక్కడ పొరపాటు జరుగుతుంది, ఎలా సరిదిద్దుకోవాలి

సమస్య: ‘ఐ యామ్ బిలీవింగ్ యూ’, ‘షి ఈజ్ వాంటింగ్ ఎ జాబ్’ వంటి వాక్యాలు రాయడం.

కారణం: తెలుగులో ‘నమ్ముతున్నాను’, ‘కోరుకుంటోంది’ అనడం సహజం కాబట్టి, ‘తున్న’ వినిపించిన ప్రతిచోటా ‘ఇంగ్’ పెట్టాలనిపిస్తుంది. కానీ బిలీవ్, వాంట్, నో, ఓన్, బిలాంగ్ వంటి క్రియలు సాగుతున్న పనిని కాక, ఉన్న స్థితిని చెబుతాయి. ఇంగ్లీషు వ్యాకరణం ఈ రెండింటినీ వేరుగా చూస్తుంది.

పరిష్కారం: స్థితి అయితే ‘ఐ బిలీవ్ యూ’, ‘షి వాంట్స్ ఎ జాబ్’ అని సామాన్య రూపమే వాడాలి. అయితే ఇలాంటి క్రియల పట్టికను బట్టీపట్టమని నేను సలహా ఇవ్వను, ఎందుకంటే ఒకే క్రియ అర్థాన్ని బట్టి రెండు వైపులా నిలబడుతుంది. ‘షి హ్యాజ్ టూ బ్రదర్స్’ అన్నప్పుడు హ్యావ్ కలిగి ఉండడాన్ని చెబుతుంది. ‘దే ఆర్ హ్యావింగ్ లంచ్’ అన్నప్పుడు అదే క్రియ తినడమనే పనిని చెబుతుంది. ‘ఐ థింక్ హి ఈజ్ రైట్’ అనేది అభిప్రాయం, ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’ అనేది ఇంకా సాగుతున్న ఆలోచన. ‘హి ఈజ్ రూడ్’ అంటే అతని స్వభావమే మొరటుదని అర్థం వస్తుంది, ‘హి ఈజ్ బీయింగ్ రూడ్’ అంటే ప్రస్తుతానికి అలా ప్రవర్తిస్తున్నాడని మాత్రమే. మనిషిపై తీర్పు చెప్పే ఇలాంటి చోట ఈ తేడాను తప్పక గమనించాలి.

సమస్య: అలవాట్లకు ‘ఇంగ్’ చేర్చడం. ‘ఐ యామ్ వాకింగ్ ఎవ్రీ డే’ అని రాస్తారు.

స్థిరమైన అలవాటుకు ‘ఐ వాక్ ఎవ్రీ డే’ సరిపోతుంది. కొద్దికాలమే ఉండే ఏర్పాటు అయితే ‘ఐ యామ్ వాకింగ్ టు వర్క్ దిస్ వీక్’ అనడం సరైనదే. గడిచిన కాలపు అలవాటుకు, అంటే మనం ‘ఆడుతుండేవాణ్ని’ అనే చోట, ‘ఐ వాజ్ ప్లేయింగ్’ కాక ‘ఐ యూస్డ్ టు ప్లే’ అనాలి.

సమస్య: ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’.

కారణం: ‘2019 నుంచి పనిచేస్తున్నాను’ అనే వాక్యాన్ని ఉన్నదున్నట్లు మార్చడం. గతంలో మొదలై నేటివరకూ సాగిన పనికి ఇంగ్లీషులో వేరే రూపం ఉంది.

పరిష్కారం: ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’. ఆరంభ సమయం చెబితే సిన్స్, వ్యవధి చెబితే ఫర్ వాడాలి. స్థితిని చెప్పే క్రియకు ఇక్కడ కూడా ‘ఇంగ్’ రాదు కనుక ‘ఐ హ్యావ్ నోన్ హర్ సిన్స్ 2019’ అనే అనాలి.

సమస్య: అవసరమైన చోట ‘ఇంగ్’ను వదిలేయడం.

‘వెన్ ద ఫోన్ ర్యాంగ్, ఐ కుక్డ్ డిన్నర్’ అని రాస్తే ఫోన్ మోగిన తరువాతే వంట మొదలుపెట్టినట్లు అర్థమవుతుంది. వంట మధ్యలో ఫోన్ మోగిందని చెప్పదలిస్తే, ముందునుంచీ సాగుతున్న పనికి ‘ఐ వాజ్ కుకింగ్ డిన్నర్’ అనీ, మధ్యలో వచ్చిన పనికి ‘ద ఫోన్ ర్యాంగ్’ అనీ రాయాలి.